టాలీలో తప్పు ఎంట్రీలు, అకౌంట్స్‌లో ఇద్దరి మధ్య తగువు: తప్పెవరిదో తేల్చేదెలా?

గాజువాక_లెక్కలు:
ఆటోనగర్‌లో స్టీల్ ట్రేడింగ్ ఆఫీసు, ప్రైవేట్ లిమిటెడ్. అకౌంట్స్‌లో నాతో కలిపి ముగ్గురం, లెక్కలన్నీ టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఒకమ్మాయి కొనుగోలు బిల్లులు, లారీ కిరాయిలు ఎక్కిస్తుంది. ఒకబ్బాయి బ్యాంకు, పార్టీల చెల్లింపులు, జీఎస్టీఆర్-3బి (నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను) లెక్కలు చూస్తాడు. మూడు తప్పులు బయటపడ్డాయి.

ఒక సప్లయర్ పంపిన స్టేట్‌మెంట్‌కీ మా లెడ్జర్‌కీ (పుస్తకంలో ఆ పార్టీ ఖాతా) 45,000 తేడా. ఇంకో పార్టీ బిల్లు, 2,36,000ది, రెండుసార్లు ఎక్కింది. అందులో 36,000 ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) కూడా రెండుసార్లు తీసేసుకున్నాం. మూడోది, ఒకే కంపెనీ బిల్లులు 14 ఐజీఎస్టీలో (వేరే రాష్ట్రం నుంచి కొంటే పడే పన్ను) పడ్డాయి. కాగితాల మీద ఉన్నది సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలో కొంటే పడేవి).

"బిల్లు చూసే ఎక్కించాను, తర్వాత ఎవరు మార్చారో" అని ఆమె, "పుస్తకంలో ఉన్నదే 3బిలో వేశాను" అని అతను. టాలీలో ముగ్గురికీ ఒకటే లాగిన్. ఓనర్ గారేమో ఎవరిదో తేల్చి జీతంలో కోయమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

డెబిట్_క్రెడిట్:
ఎవరు అన్న ప్రశ్న రెండు రోజులు ఆపండి. ముందు ఏ ఓచరు (టాలీలో ఒక్కో ఎంట్రీ), ఏ తేదీ, ఏ కాగితం అన్నది తేలాలి.

45,000ని 9తో భాగించండి, శేషం లేకుండా 5,000 వస్తుంది. అంటే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయని అనుమానించవచ్చు. 5,000 అంటే వేలు, పదివేల స్థానాల్లో, మధ్య తేడా 5 ఉన్న అంకెలు: 83కి 38, 72కి 27, 61కి 16, 94కి 49, అలా. 1,83,600 కొట్టబోయి 1,38,600 కొడితే సరిగ్గా ఇంతే తేడా. ఆ లెడ్జర్లో ఇలాంటి జోడీ ఉన్న ఓచర్లు నాలుగైదుకి మించవు. అవి కాకపోతే సగం, అంటే 22,500, ఎక్కడైనా డెబిట్‌కి బదులు క్రెడిట్‌లో పడిందేమో చూడండి. అదీ కాకపోతే 45,000 మొత్తంగానే ఒక క్రెడిట్ నోటో (బిల్లు మొత్తం తగ్గిస్తూ సప్లయర్ ఇచ్చే కాగితం) చెల్లింపో ఒకవైపు ఎక్కకుండా ఉండి ఉంటుంది.

ట్రయల్ బ్యాలెన్స్ (మొత్తం డెబిట్లు, క్రెడిట్లు సమానమో కాదో చూపే పట్టిక) సరిపోయింది కదా అనకండి. తప్పు అంకె రెండువైపులా అదే అంకెగా పడుతుంది కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ ఎప్పుడూ సరిపోతుంది. బిల్లులో తప్పయితే జీఎస్టీఆర్-2బితో (సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా) పోల్చినప్పుడు పన్ను తేడా కనిపించాలి. చెల్లింపులో అయితే బ్యాంకు రీకన్సిలేషన్‌లో (బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకం పోల్చడం) కనిపించాలి. సప్లయర్ స్టేట్‌మెంట్ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదంటే ఆ రెండింటిలో ఒకటి జరగలేదు. మీరు అసలు అడగాల్సింది ఇదే: టైపు చేసిన చెయ్యి ఎవరిది అని ఒకటి, పట్టుకోవాల్సిన కన్ను ఎవరిది అని ఇంకొకటి. ప్రతి తప్పుకీ ఈ రెండు గడులూ నింపండి.

డబుల్ బిల్లు సాధారణంగా ఎలా వస్తుందంటే, ముందు వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి "412" అని ఒకసారి, లారీతో అసలు కాగితం వచ్చాక "ఎస్ఆర్/0412" అని ఇంకోసారి. నంబరు రెండు రకాలుగా రాస్తే రెండూ వేరే బిల్లుల్లానే కనబడతాయి. 2బిలో ఎలా ఉంటే అలాగే, సున్నాలూ గీతలతో సహా కొట్టాలన్న నియమం పెట్టండి. అసలు కాగితం మీద ఓచరు నంబరు రాసి ముద్ర వేయకుండా ఫైల్లోకి పోనివ్వకండి. ఇంకోటి, డబుల్ ఎక్కితే స్టాకు కూడా డబుల్ అవుతుంది. కాటా చీటీల టన్నులూ పుస్తకంలో టన్నులూ నెలకోసారి పోలిస్తే పన్ను దాకా రాకుండానే దొరుకుతుంది. గోడౌన్ వాళ్ల దగ్గర చీటీలు ఎలాగూ ఉంటాయి, అడిగేవాళ్లే ఉండరు.

ఆ 14 బిల్లులు 14 తప్పులు కావు, ఒక్కటే. ఆ కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు, విశాఖలో స్టాక్‌యార్డు ఉండి ఉండాలి. జీఎస్టీ నంబరు 36తో మొదలైతే తెలంగాణ, 37 అయితే ఆంధ్ర, 21 అయితే ఒడిశా. పేరు ఒకటే కావడంతో 36 లెడ్జర్ ఎంచుకున్నారు, లేదా లెడ్జర్ తెరిచినప్పుడే రాష్ట్రం తప్పు పెట్టారు. మొదటిదైతే ఎంట్రీ చేసినవారిది. రెండోదైతే లెడ్జర్ తెరిచినవారిది, ఎంట్రీ చేసినవారిని అనడానికి లేదు. లెడ్జర్ పేరు చివర "విశాఖ 37", "హైదరాబాద్ 36" అని పెట్టేయండి.

ఆడిట్_ఉత్తరాంధ్ర:
పైన చెప్పింది సరే. లాగిన్ సంగతి నేను చెబుతాను. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. దాన్ని ఆపే వీలుండకూడదు, ఆడిటర్ తన రిపోర్టులో దాని గురించి రాయాలి. కాబట్టి మీ టాలీలో ఎడిట్ లాగ్ ఉండే ఉంటుంది. ఓచరు తెరిచి లాగ్ చూస్తే మొదట ఏం కొట్టారు, తర్వాత ఏ రోజు ఏ టైముకి ఏ అంకె మారింది అన్నీ కనిపిస్తాయి. "తర్వాత ఎవరో మార్చారు" అన్నది నిజమో కాదో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

అయితే లాగిన్ ఒకటే అయినప్పుడు పేరు తేలదు, టైము మాత్రమే తేలుతుంది. ఆ టైముకి సీట్లో ఎవరున్నారని సీసీ కెమెరా తిప్పి చూసేదాకా పోకండి. దానితో తప్పు దిద్దుకోదు, ఆఫీసులో పలకరింపులు మాత్రం పోతాయి.

ఈరోజే మూడు లాగిన్లు చేయండి. లెడ్జర్ తెరిచే, మార్చే హక్కు ఒక్కరికే. వెనక తేదీ ఓచర్లకి యూజర్ రోల్స్‌లో కట్-ఆఫ్ తేదీ పెట్టే వీలుంది, 3బి వేసిన రోజే దాన్ని ముందుకి జరపండి. వేసేసిన నెలలో ఎవరూ వేలు పెట్టలేరు.

సంజాయిషీ_రాయుడు:
జీతం కోత గురించి ఎవరూ అనలేదు. వేతన చట్టం ప్రకారం నష్టం నేరుగా ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, కోసేముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, నష్టానికి మించి కోయకూడదు, అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. ఒకే లాగిన్ పెట్టుకుని "నేరుగా ఇతనే" అని ఎలా చూపిస్తారండీ? ఓనర్ గారికి ఈ ముక్క చెప్పండి.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది. ఒక కాగితం మీద వాస్తవాలు రాసి, అదే కాగితం ఇద్దరికీ ఇవ్వండి. "మీరు తప్పు కొట్టారు" అని రాయకూడదు. ఇలా రాయండి: "ఓచరు నంబరు ఇంత, తేదీ ఇంత. బ్యాంకులో 1,83,600, పుస్తకంలో 1,38,600. లాగ్ ప్రకారం ఫలానా రోజు మారింది. మీకు తెలిసింది రేపు సాయంత్రంలోగా రాసివ్వండి." చాలామంది నోటితో ఒప్పుకోనిది రాతలో ఒప్పుకుంటారు.

కొంచెం కటువుగా ఉన్నా చెప్తున్నా, ఒకే లాగిన్ ఉండనిచ్చింది మీరు. 2బితో పోల్చకుండా 3బి పోనిచ్చిందీ మీరే. ఆ కాగితంలో మొదటి వరుస మీ పేరుతో మొదలుపెడితే మిగతా ఇద్దరూ మాట్లాడతారు.

గాజువాక_లెక్కలు:
మాట నిజమే. లాగ్ చూశాను. 45,000 తేడా చెల్లింపు ఓచరులోది, మొదట్నించీ తప్పే కొట్టారు, తర్వాత ఎవరూ మార్చలేదు. ఆ నెల బ్యాంకు రీకన్సిలేషన్ సగంలో ఆగింది. 14 బిల్లులూ లెడ్జర్లో రాష్ట్రం తప్పే, రెండేళ్ల కిందట తెరిచింది. 2బి పోల్చడం ఎవరి పనో ఎక్కడా రాసి లేదు, తిలాపాపం తలా పిడికెడు. ఇక 36,000 మీద నష్టం ఎంతో ఓనర్ గారికి అంకె చెప్పాలి.

డెబిట్_క్రెడిట్:
వడ్డీ ఏడాదికి 18 శాతం. 36,000 మీద రోజుకి 17 రూపాయల 75 పైసలు, 60 రోజులైతే సుమారు 1,065. అది కూడా తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ని నిజంగా వాడేస్తేనే. జీఎస్టీ పోర్టల్‌లోని క్రెడిట్ లెడ్జర్ బ్యాలెన్స్ ఆ 36,000కి కిందికి ఎప్పుడూ దిగకపోతే వడ్డీ లేదు. పోర్టల్‌లో లెడ్జర్ దింపుకుని రోజువారీ బ్యాలెన్స్ చూడండి, తర్వాతి 3బిలో రివర్స్ చేయండి, అంటే ఆ క్రెడిట్ వెనక్కి ఇచ్చేయండి. వెయ్యి రూపాయలకి ఇంత రచ్చా అని ఓనర్ గారే అంటారు.

14 బిల్లుల క్రెడిట్ సరైన పద్దులోకి మార్చడానికి ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 గడువు (అంతకుముందే వార్షిక రిటర్ను వేసేస్తే అప్పటిదాకానే). లెడ్జర్ రెండేళ్ల కిందటిది అంటున్నారు కాబట్టి పాత ఏడాది బిల్లులు ఎన్నో ముందు విడదీసి, సీఏ గారితో మాట్లాడాకే కదపండి.

ఆడిట్_ఉత్తరాంధ్ర:
పని పంపకం తేదీలతో రాసి గోడకి అంటించండి. 14న 2బి వస్తుంది. 15, 16 తేదీల్లో అబ్బాయి పోల్చాలి, 17న తేడాల జాబితా అమ్మాయికి ఇవ్వాలి, 18 సాయంత్రానికి ఆమె ఒక్కోదానికీ ఎదురుగా కారణం రాయాలి, 19న మీరు చూసి పొడి సంతకం పెట్టాలి. 3బి గడువు 20. బ్యాంకు రీకన్సిలేషన్ ప్రతి సోమవారం. చెల్లింపులు కొట్టేది అబ్బాయే కాబట్టి అది అతనికి ఇవ్వకండి, అమ్మాయికి ఇవ్వండి.

లారీ కిరాయి మర్చిపోకండి, వచ్చే తగువు అక్కడే. ట్రాన్స్‌పోర్టర్ పన్ను వేయని బిల్లు ఇస్తే రివర్స్ చార్జ్ కింద 5 శాతం మీరే కట్టాలి, 40,000 కిరాయికి 2,000. ఎంట్రీ చేసేవారు దాన్ని సరుకు ఖర్చులో కలిపేస్తే 3బి చేసేవారి కంటికి ఆనదు. కిరాయికి వేరే లెడ్జర్ పెట్టి, నెల చివర లారీ రసీదుల కట్టతో ఆ జాబితా అతనికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోమనండి.