‘చుఅంగ్’కి తెలుగేది? కొలువా, సేవా, ఇంకోటా?

రాత్రిబండి:
పెద్దలకు నమస్కారం. కొరియా, జపాన్ డ్రామాల్లో నీకిష్టమైనవి చెప్పమని నిద్రలో లేపి అడిగినా మూడు పేర్లు చెబుతాను: ‘మై లిబరేషన్ నోట్స్’, ‘మై మిస్టర్’, ‘క్వార్టెట్’. మొదటిది ఇప్పుడు నాలుగోసారి చూస్తున్నా. అందులో కథానాయిక మిజొంగ్ వెళ్లి ‘గు’ అనే ఆ తాగుబోతుతో అనే మాట ఉంది కదా, ‘నల్ చుఅంగ్‌హేయో’ అని. కింద ఇంగ్లిష్‌లో ‘వర్షిప్ మీ’ అని పడుతుంది. అది చదివినప్పుడల్లా ఒక తెలుగు పాదం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ‘కొలుతురు నిను’ అనో, ‘కొలుతురు మిము’ అనో. నాలుగు రోజులుగా ఇదే గోల. అదెక్కడిది? ‘చుఅంగ్’ని ‘కొలువు’ అనొచ్చా?

పాఠం మాస్టారు:
అన్నమయ్యది తల్లీ. ‘ఎంత మాత్రమున ఎవ్వరు దలచిన అంత మాత్రమే నీవు’ పల్లవి. మొదటి చరణం ‘కొలుతురు మిము వైష్ణవులు కూరిమితో విష్ణుడని’. ‘మిము’. ‘నిను’ కాదు.

తాటాకు:
అంత ఖాయంగా ఎలా చెబుతారు మాస్టారూ? మా అమ్మమ్మ ‘నిను’ అనే పాడేది. పల్లవిలో ‘నీవు’ అని పిలిచినవాడు రెండడుగులు వేయగానే ‘మిము’ అంటాడా? ఛందస్సు అడ్డం పెడతారేమో, ‘నిను’ అయినా ‘మిము’ అయినా రెండు లఘువులే. ప్రాస కూడా ‘ల’ మీదుంది: కొలుతురు, పలుకుదురు, తలతురు, అలరి. మీ ‘మి’ని కాపాడేవాళ్లు అక్కడెవరూ లేరు.

పాఠం మాస్టారు:
లోకం కొలిచేటప్పుడు ‘మిము’, తాను శరణనేటప్పుడు ‘నీ’. చివరి చరణం చూడండి, ‘ఈవల నే నీ శరణనియెదను’. వైష్ణవులు, శైవులు, శాక్తేయులు అందరూ బయట నిలబడి ‘మిము’ అంటారు, అన్నమయ్య ఒక్కడే లోపలికెళ్లి ‘నీ’ అంటాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన సంగతి ఇది.

తాటాకు:
ముప్పై ఏళ్లు చెప్పారు కాబట్టి అనడానికి మొహమాటంగా ఉంది గానీ, రెండో చరణంలో ‘గరిమల మిము నే ఘనమని తలచిన ఘనబుద్ధులకు ఘనుడవు’ అని ఉంది. ‘మిము’తో ఎత్తుకుని ‘ఘనుడవు’తో దించాడు. ఒక్క వాక్యంలోనే. మీ లోపలా బయటా ఏమైనట్టు?

ఉల్సాన్ బావ:
నేను ఆరేళ్లుగా కొరియాలో, ఉల్సాన్‌లో ఓడల పనిలో ఉన్నా, కొరియన్ వంటింటి మట్టుకు వచ్చు. గొడవ ‘మిము’ దగ్గర కాదు, ‘యో’ దగ్గరుంది. ‘హేయో’ అనేది వాళ్ల మర్యాద రూపం, మన ‘అండి’ లాంటిది. ‘వర్షిప్ మీ’లో ఆ ‘అండి’ ఎగిరిపోయింది. ఆ పిల్ల అతన్ని ‘నన్ను పూజించరా’ అనట్లేదు. పైగా ‘హేయో’లో మూడు వేషాలున్నాయి. గొంతు ఎత్తితే ప్రశ్న, దించితే మామూలు మాట, కాస్త ఒత్తితే విన్నపం. ‘నల్’ అంటే ‘నన్ను’, అది ముందుంది కాబట్టే అది విన్నపమని తెలుస్తోంది. లేకపోతే ‘కొలుస్తాను’ అని కూడా వినిపించొచ్చు.

ఓరుగల్లు పిల్ల:
అన్నా, మన దగ్గర గూడ అట్లనే ఉంటది గద. మా కిరాణ సేటు ‘రేపొచ్చి బాకీ కట్టేస్తరు’ అంటడు. కట్టుమని అనలే, కడతరని చెప్పిండు. గానీ కట్టకుంటే ఉన్నదా మనకు? ‘నన్ను కొలుస్తారు’ అంటే సరిపాయె. మర్యాదకు మర్యాద, హుకుంకు హుకుం.

పాఠం మాస్టారు:
ఇది బాగుంది. పాత వ్యాకరణంలో ‘మీరు కొలుతురు’, ‘వారు కొలుతురు’ రెండూ ఒకటే రూపం. అమ్మాయి నోటిదాకా వచ్చిన పాదం ఊరికే రాలేదన్నమాట. వైష్ణవులు కొలుస్తారు అన్న మాటనే గు మొహాన పెట్టి చదివితే ‘మీరు నన్ను కొలుతురు’ అయిపోతుంది.

తాటాకు:
మరీ సాగదీస్తున్నారు. అన్నమయ్య ‘కొలుతురు’ వేసింది ప్రాసలో ‘ల’ కావాలి కాబట్టి. అంతే.

పాఠం మాస్టారు:
అలాగా. మరి రెండో చరణంలో ‘తలపుల కొలదుల భజింతురు’ ఏ ప్రాస కోసం వచ్చింది? అక్కడ ప్రాస ‘ర’. మూడో చరణంలో ‘నీరు కొలది తామరవు’ ఏ ప్రాస కోసం? అక్కడ ‘వ’. కొలుచు, కొలది, కొలది. పల్లవిలోనే ‘ఎంత మాత్రమున, అంత మాత్రమే’ అని కొలత పెట్టాడు. కొలిచినంతే దేవుడు అనడానికి, కొలవడమనే మాటకున్న రెండర్థాలూ చరణానికొకటి చొప్పున వాడుకున్నాడు. పదిహేనో శతాబ్దంలో ఈ పని చేసిన మనిషిని పట్టుకుని ప్రాస కోసం వేశాడంటారా!

తాటాకు:
‘తలపుల’ అంటున్నారు, సగం చోట్ల ‘తలుపుల కొలదుల’ అని కనబడుతుంది. ముందు ఆ ‘లు’ సంగతి తేల్చండి. తలుపుల కొలత వడ్రంగి తీసుకుంటాడు.

ఓరుగల్లు పిల్ల:
తాటాకు సారూ, మీరు ఎగతాళికి అన్నరు గానీ మిజొంగ్ వాళ్ల నాయిన చేసేది ఆ పనే! సింకులు, వంటింటి అల్మరాలు చేసే షెడ్డు. గు అక్కడ కూలికి చేరిండు. పొద్దంత టేపు పట్టి కొలిచేటోనికి, పొద్దుగూకినంక వచ్చి ‘నన్ను కొలువు’ అంటది ఆమె. నాకైతే రోమాలు నిక్కబొడుచుకున్నయ్.

నిమ్మచెక్క:
‘కొలువు’ వద్దు బాబోయ్. మా వీధి టైలర్‌కి చెప్పే మాట అది. ‘నన్ను కొలువు, బ్లౌజు టైటయింది’.

ఓరుగల్లు పిల్ల:
మా దిక్కు కొలువంటే నౌకరి. కొలువు దొరికిందా, కొలువు పోయిందా అంటం. ఇంకోసారి ఆ సీను చూడుండ్రి. ఆమె మొదలు ఏమంటది? తాగుడు గాక ఇంకో పని ఇయ్యాల్నా అంటది. పని! పనిస్త అని చెప్పి, ఆ పని ఏందంటే నన్ను కొలువుడు. ఇంతకన్న మంచి మాట ఏ భాషల దొరుకుతది చెప్పుండ్రి.

ఉల్సాన్ బావ:
ఒప్పుకున్నా చెల్లీ, ‘పని ఇవ్వనా’ అనే మాట ఉంది అక్కడ. కానీ నీ ‘కొలువు’తో ఒక చిక్కుంది. ‘చుఅంగ్’ వాడుక మాట కాదు. దేశం కోసం పోరాడినవాళ్లని, మహానుభావుల్ని ‘చుఅంగ్’ చేస్తారు. ఊళ్లో పిల్ల మందు కొట్టే పక్కింటి మనిషితో అనే మాట కానే కాదు. అందుకే గు తర్వాత ఫోన్ తీసి దానికి అర్థం వెతుకుతాడు. పైకెత్తి నిలబెట్టి తలెత్తి చూడటం అని వస్తుంది. ఓరుగల్లులో ‘కొలువు’ అంటే ఎవడైనా ఫోన్ తీస్తాడా?

నిమ్మచెక్క:
2022లో ఆ డ్రామా వచ్చాక కొరియాలో అందరి నోటా అదే మాటయింది. అంటే అప్పటిదాకా ఆ మాట పుస్తకాల్లో పడుకుందనేగా.

తాటాకు:
అయితే ‘ఉపాసించండి’. మన గు కూడా ఫోన్ తీస్తాడు. ఉప, ఆసనం. దగ్గరగా కూర్చోవడం. ఆ డ్రామాలో సగం సేపు వాళ్లు చేసేదదే, ఇంటి ముందు బల్ల మీద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం.

రాత్రిబండి:
మీరూ చూశారా తాటాకు గారూ!

తాటాకు:
మా కోడలు చూస్తుంటే పక్కన కూర్చున్నాను. పదహారు ఎపిసోడ్లూ.

పాఠం మాస్టారు:
ఉపాసించడంలో కళ్లు మూసుకుంటారు. ఇక్కడ తలెత్తి చూడాలి. ‘చుఅంగ్’ని చీనా అక్షరాల్లో రాస్తే రెండో అక్షరం అర్థమే ‘పైకి చూడు’. మీ మాటలో ఆ చూపు లేదు.

నిమ్మచెక్క:
ఆ చీనా అక్షరాల సంగతి నన్ను చెప్పనివ్వండి, జపాన్ వైపునుంచి వచ్చినదాన్ని. ‘చుఅంగ్’లో మొదటి అక్షరం ‘నెట్టు’. జపాన్‌లో అభిమానులు తమకు ప్రాణమైన నటుణ్ని, గాయనిని ‘ఓషి’ అంటారు కదా, ఆ ‘ఓషి’లో ఉన్నది కూడా ఇదే అక్షరం. ముందుకు నెట్టి నలుగురి ముందూ నిలబెట్టడం. రెండో అక్షరం వాళ్ల ‘షింకో’లో, అంటే మతవిశ్వాసంలో ఉంది. ఒకే మాటలో అభిమాన సంఘమూ ఉంది, గుడీ ఉంది. నాకు తోచినంతలో మిజొంగ్ అడిగింది ‘నాకు ఫ్యాన్‌వి అవ్వు’ అని. ప్రేమతో సరిపోదు అని పక్కనే చెబుతుంది చూడండి.

ఓరుగల్లు పిల్ల:
టోపీ ఎగిరిపోతె గు ఉరికొచ్చి కాలువ మీదికెల్లి దుంకుతడు సూడు, అది ఫ్యాన్ పనే. మా దిక్కు ఫ్యాన్లు కటౌట్ ఎక్కి పాలు పోస్తరు, ఆయన కాలువ దుంకిండు.

రాత్రిబండి:
ఆ దూకడం నేను పదిసార్లు వెనక్కి తిప్పి చూశా. గు వేషం వేసిన సన్ సొక్-కు మొహంలో ఏమీ ఉండదు. టోపీ తెచ్చిచ్చి అటు తిరిగి వెళ్లిపోతాడంతే.

ఉల్సాన్ బావ:
నా ఓటు ‘సేవించు’. నవ్వకండి. ‘మద్యం సేవించి వాహనం నడపరాదు’ అని ప్రతి చెక్‌పోస్ట్ దగ్గరా ఉంటుంది. ‘స్వామిని సేవించి తరించండి’ అని ప్రతి గుడి దగ్గరా ఉంటుంది. గు పొద్దున లేస్తే సోజు, అంటే కొరియా సారా, పడుకునేముందు సోజు. సీసాలు గదంతా వరసగా పేర్చి ఉంటాయి. తాగుడు మాని చేసే పని ఇస్తానని ‘నన్ను సేవించండి’ అంటుంది. ఒకే క్రియ, సీసా స్థానంలో మనిషి. కొరియన్‌లో కూడా లేని అందం ఇది.

పాఠం మాస్టారు:
నాయనా, ఇది విని నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

తాటాకు:
పోలీసు బోర్డు భాష. ఆ పిల్ల ఆ మాటన్నాక నవ్వొస్తుంది, డ్రామా పోతుంది.

ఉల్సాన్ బావ:
కొరియావాళ్లకీ మొదట నవ్వే వచ్చింది కాకా. నా పక్క సీటు అతను ‘ఎవరైనా ఇలా మాట్లాడతారా’ అన్నాడు. వారం తర్వాత అతనే క్యాంటీన్‌లో కూరగిన్నె ముందు పెట్టుకుని ‘చుఅంగ్, చుఅంగ్’ అంటున్నాడు. వింతగా తగలాలి ఆ మాట. నవ్వు రావాలి, ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గేయాలి.

నిమ్మచెక్క:
ఈ డ్రామా రాసిన పాక్ హే-యంగ్‌కి ఇది అలవాటే. ఆమే రాసిన ‘మై మిస్టర్’లో కథానాయిక పేరు జి-అన్. ‘జి’ అంటే చేరడం, ‘అన్’ అంటే నెమ్మది. చివర్లో సియోల్‌లో ఎదురుపడి విడిపోయాక కథానాయకుడు మనసులో అడుగుతాడు, నెమ్మదికి చేరావా అని. పేరునే ప్రశ్న చేసింది. 2018లో చూశా, ఇప్పటికీ ఆ ఒక్క ముక్కకి ఏడుస్తా. రాత్రిబండి అక్కా, దాన్ని రెండో స్థానంలో ఎలా పెట్టావు అసలు?

ఓరుగల్లు పిల్ల:
నెమ్మది గాదు, ‘నిమ్మలం’. ‘నిమ్మలంగున్నవా బిడ్డా’ అని అడుగుతరు మా దిక్కు. ఆ అంకుల్ అడిగింది అదే.

తాటాకు:
నిమ్మళం. ‘ళ’.

ఓరుగల్లు పిల్ల:
మా అవ్వ ‘ల’ అంటది.

పాఠం మాస్టారు:
‘నిర్మలం’ నుంచి వచ్చిందనుకుంటే ‘ల’కే మొగ్గాలి. కానీ రాతలో ‘ళ’ స్థిరపడింది. దీనికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ వద్దు. అసలు నేను చెప్పదలచుకున్నది ‘నీరు కొలది తామర’ గురించి, ఎవరూ చెప్పనివ్వట్లేదు. చెరువులో నీరు ఎంత ఎత్తుంటే తామర అంత ఎత్తున లేస్తుంది. మిజొంగ్ ఏమంటుంది? ఒక్కసారైనా నిండాలని ఉంది అంటుంది. నిండటం! నువ్వు నీరు పోయి, నేను పైకి లేస్తాను అని. అన్నమయ్యలో దేవుడు తామర, కొలిచేవాడు నీరు. ఈ పిల్ల తనను తామర స్థానంలో పెట్టుకుంది. ఎంత పొగరు, ఎంత ఆకలి!

రాత్రిబండి:
మాస్టారూ, ఇది చదివి మా అమ్మకు వినిపించా. ‘ఆ పిల్ల అన్నం తిందా ముందు?’ అంది.

నిమ్మచెక్క:
అమ్మగారికి ‘క్వార్టెట్’ చూపించండి. కాత్సుదోన్, అంటే వేయించిన పంది మాంసం వేసిన అన్నం, అమ్మే కొట్లో ఇద్దరాడవాళ్లు కూర్చుంటారు, ఒకామె కన్నీళ్లు కారుస్తూ తింటుంటే రెండో ఆమె అంటుంది, ఏడుస్తూ అన్నం తిన్నవాళ్లు బతకగలరు అని. ‘బతుకుతారు’ అనలేదు. ‘ఇకితె ఇకెమాసు’. ‘బతుకుతూ వెళ్లగలరు’. ఆ ‘ఇకె’ని తెలుగులోకి తెస్తే నేనూ మీకు కొలువు చేస్తా.

పాఠం మాస్టారు:
‘నెట్టుకొస్తారు.’

నిమ్మచెక్క:
అందులో విసుగుంది. అక్కడ విసుగు లేదు.

తాటాకు:
‘గడుస్తుంది.’

ఓరుగల్లు పిల్ల:
‘ఎల్లదీస్తరు.’

నిమ్మచెక్క:
‘ఎల్లదీస్తరు’... ఒక్క నిమిషం. ఇది దగ్గర్లో ఉంది.

రాత్రిబండి:
నా ప్రశ్న ఎవరికైనా గుర్తుందా?

తాటాకు:
ఉందమ్మా. ‘నిను’.

నిమ్మచెక్క:
అదే డ్రామాలో మొదటి ఎపిసోడ్ గొడవ కూడా చెప్పాలి. వేయించిన కోడిముక్కల మీద ఒకతను అడక్కుండా నిమ్మకాయ పిండేస్తాడు. ఇంకొకడు, ఒకసారి పిండాక మళ్లీ వెనక్కి రాదు కదా అని వాదిస్తాడు. మా ఇంట్లో ముద్దపప్పు మీద అడక్కుండా నెయ్యి వేస్తే ఇదే గొడవ.

ఉల్సాన్ బావ:
నెయ్యికి అడగడమేంటి చెల్లీ?

నిమ్మచెక్క:
చూశారా. మొదలైంది.