టెక్సస్‌లో ఇన్సూరెన్స్ లైసెన్స్ పరీక్షకి ముందు క్లాసులు తప్పనిసరి చేయాలా?

ఇర్వింగ్ నాన్న:
ఈ ఏడాది మా అపార్ట్‌మెంట్లలోనే నలుగురు తెలుగువాళ్లు లైఫ్ ఇన్సూరెన్స్ లైసెన్స్ తీసుకున్నారు. అమెరికాలో ఇన్సూరెన్స్‌పై అదుపు రాష్ట్రాలది. 1945 నాటి మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం ఆ అధికారాన్ని వాటికే వదిలింది. అందుకే ఎక్కడి రూల్ అక్కడిది. న్యూయార్క్‌లో లైఫ్, హెల్త్ రెండూ అమ్మాలంటే పరీక్షకి ముందు 40 గంటల క్లాసులు. మన టెక్సస్‌లో ఒక్క గంట కూడా అక్కర్లేదు. పరీక్షలో 70 తెచ్చుకుని, వేలిముద్రలిచ్చి, 50 డాలర్ల ఫీజు కడితే అప్లికేషన్ వెళ్లిపోతుంది. ఒక కుటుంబం ముప్ఫై ఏళ్లు డబ్బు కట్టే పాలసీని అమ్మడానికి ఇది చాలదని నేనంటాను.

ఫ్రిస్కో అమ్మ:
నేను ఒప్పుకోనండి. హెచ్4 మీద, అంటే మా ఆయన హెచ్-1బీ వెంట వచ్చిన వీసా మీద, ఆరేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఈఏడీ (పని చేసుకోవడానికి అనుమతి కార్డు) చేతికొచ్చాక మొదట చేసిన పని ఈ లైసెన్సే. పిల్లలు పడుకున్నాక రాత్రి పది నుంచి పన్నెండు దాకా చదివాను. మొదటిసారి 66 వచ్చింది, రెండోసారి పాసయ్యాను. నలభై గంటలు ఫలానా టైముకి కూర్చోవాలంటే నాకు కుదిరేదే కాదు. పరీక్ష కష్టమైనదే, చదవనివాళ్లు దాటలేరు. ఆ పైన గంటలు లెక్కపెట్టడం ఎందుకు?

ప్లేనో గోదారి:
అక్కా, మీ కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ నా సంగతి వినండి. ఒక ఫ్రెండ్ లైసెన్స్ వచ్చిన మూడో వారంలో మా ఇంటికొచ్చి ఇండెక్స్డ్ యూనివర్సల్ లైఫ్ పాలసీ (స్టాక్ మార్కెట్ సూచీని బట్టి వడ్డీ జమయ్యే లైఫ్ ఇన్సూరెన్స్) అమ్మాడు. నెలకి 500 డాలర్లు. 'మార్కెట్ పడినా నీకు సున్నా కంటే కిందికి పోదు' అన్నాడు. వడ్డీ సున్నా దగ్గర ఆగినా ఇన్సూరెన్స్ ఖర్చు, ఇతర చార్జీలు నెలనెలా నా ఖాతాలోంచే పోతూ ఉంటాయని చెప్పలేదు. మోసం చేశాడని నేను అనను, వాడికే తెలియదు. మూడేళ్లలో 18,000 కట్టాను. ఉద్యోగం పోయి ఆపేద్దామంటే సరెండర్ చార్జీలో, అంటే మధ్యలో మానేస్తే కంపెనీ కోసుకునే మొత్తంలో, చాలావరకు పోతుందన్నారు. ఇంట్లో ఆ టెన్షన్ ఇంకా ఉంది. 70 మార్కులు వాడికి ఏం నేర్పినట్టు?

షుగర్‌ల్యాండ్ పెద్దాయన:
పద్నాలుగేళ్లుగా ఇదే నా వృత్తి. పరీక్షలో నేర్చుకునేది చట్టం: అబద్ధం చెప్పి పాత పాలసీ మాన్పించడం తప్పు, మన కమిషన్‌లో కొంత కొనేవాళ్లకి తిరిగివ్వడం తప్పు. అది అవసరమే. కానీ ఇలస్ట్రేషన్ కాగితం (ఏటేటా పాలసీలో ఎంత ఉంటుందో చూపే అంచనా పట్టిక) ఎలా చదవాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. 40 గంటలు పెట్టినా అదే పాఠం ఇంకా మెల్లగా చెబుతారు, అంతే. కొత్త ఏజెంటు మొదటి పది పాలసీలూ అనుభవమున్న ఏజెంటు పక్కన కూర్చుంటేనే అమ్మాలని రూల్ పెడితే నేను మద్దతిస్తాను.

లైసెన్స్ నిలుపుకోవడమూ చిన్న పని కాదమ్మా. రెండేళ్లకి 24 గంటల చదువు, అందులో 3 గంటలు నీతి నియమాలు. ఒకసారి అశ్రద్ధ చేసి 10 గంటలు తక్కువ పడ్డాను. గంటకి 50 చొప్పున 500 డాలర్ల ఫైన్ కట్టాను. తప్పు పూర్తిగా నాదే. ఇల్లు మారితే ఆ అడ్రస్ కూడా వెంటనే ఇన్సూరెన్స్ శాఖకి తెలపాలి, లేకపోతే నోటీసు పాత ఇంటికే పోతుంది.

కొత్తగా వచ్చా:
నాది హెచ్-1బీ. లైసెన్స్ నా భార్య పేరు మీద తీసుకుని, మాట్లాడేది నేనైతే ఫర్వాలేదని ఒక గ్రూపులో చెప్పారు. నిజమేనా అండి?

షుగర్‌ల్యాండ్ పెద్దాయన:
వద్దు బాబూ. లైసెన్స్ లేకుండా పాలసీ గురించి వివరించి ఒప్పిస్తే అమ్మినట్టే. పైగా హెచ్-1బీ మీద నీ కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. రాష్ట్రం లైసెన్స్ ఇస్తే వీసా అనుమతి ఇచ్చినట్టు కాదు, రెండూ వేరు. ఆ సలహా ఇచ్చినవాళ్లకి కావలసింది వాళ్ల కింద ఇంకో మనిషి చేరడం. రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర ఇబ్బంది పడేది నువ్వు.

ఇర్వింగ్ నాన్న:
పెద్దాయన గారూ, పక్కన కూర్చునే ఆ సీనియర్‌కి కూడా ఆ పాలసీ మీద కమిషన్ వస్తుంది కదండీ. ఆయన ఆపుతారని నమ్మకం ఏమిటి? క్లాసు చెప్పే మనిషికి అమ్మకంతో పని లేదు. నేనింకా క్లాసుల వైపే.

ఫ్రిస్కో అమ్మ:
ఆ మాట ఆలోచించాల్సిందే. ప్లేనో తమ్ముడూ, మీరు పాలసీ రద్దు చేసే ముందు కంపెనీకి ఫోన్ చేసి ఇన్‌ఫోర్స్ ఇలస్ట్రేషన్ (ఇప్పుడు నడుస్తున్న మీ పాలసీకి తాజా అంచనా పట్టిక) పంపమనండి. ఇప్పటి రేటుకి ఒకటి, తక్కువ రేటుకి ఒకటి. ప్రీమియం తగ్గిస్తే ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా అడగండి. నేను మీకేమీ అమ్మను. కాగితం వచ్చాక చెప్పండి, పెద్దాయన గారి సాయంతో లైన్ లైన్ చదువుదాం. నాకూ అది నేర్చుకోవాలనుంది.

ప్లేనో గోదారి:
ఇప్పుడే ఫోన్ చేశానక్కా. రెండూ మెయిల్‌లో పంపుతామన్నారు.