పశ్చిమ ఆఫ్రికాలోని ఫులానీ కాపరులు ఏడాది పొడవునా ఎటు వెళ్తారు? రైతులతో వాళ్ల ఒప్పందం ఎలా ఉంటుంది?

గజపతినగరం ఆడపడుచు:

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా నాన్నగారు ఇప్పటికీ గొర్రెలు కాస్తారు. ఇదివరకు సంక్రాంతి వెళ్లాక మంద తోలుకుని పాలకొండ వైపు వెళ్లి, తొలకరి పడే వేళకు తిరిగి వచ్చేవారు. దారి పొడవునా పొలాల్లో ఎరువు కోసం మంద కట్టేవారు. అందుకు రైతులు కుంచాల లెక్కన ధాన్యం కొలిచేవారు. ఇప్పుడు వరి కోసిన మడిలోనే మొక్కజొన్న వేస్తున్నారు. మెట్టల్లో సరుగుడు, నీలగిరి తోటలు వచ్చాయి. మంద నిలపడానికి చోటు దొరకడం లేదు. మా తమ్ముడు అమ్మేద్దామంటున్నాడు.

ఈ మధ్య మాలి దేశంలో ఫులానీలు వేలాది పశువులను నది ఈదిస్తున్న వీడియో చూశాను. అప్పటి నుంచి వాళ్ల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చాలాచోట్ల వాళ్లను గమ్యం లేకుండా తిరిగేవాళ్లని రాస్తున్నారు. మా నాన్నగారిని చూస్తూ పెరిగిన నాకు ఇది నమ్మబుద్ధి కావడం లేదు. ఏ నెలలో ఎక్కడుండాలో తెలియకుండా ఎవరైనా మంద కాయగలరా? అక్కడ ఉండి చూసినవారు ఉంటే చెప్పండి. ఎటు వెళ్తారు? ఎందుకు వెళ్తారు? ఆడవాళ్లు ఏం చేస్తారు?

నెల్లిమర్ల వాసి:

అమ్మా, మీ అనుమానం సరైనదే. నేను నెల్లిమర్లలో జూట్ మిల్లు పని నేర్చుకుని, తర్వాత ఉత్తర నైజీరియాలో కదునా నగరంలోని బట్టల మిల్లులో చాలాకాలం పనిచేశాను. చూసింది చెబుతాను.

ముందు ఒక మాట. ఫులానీలందరూ సంచారులు కారు. సెనెగల్ నుంచి సూడాన్ దాకా కోట్ల మంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊళ్లలో, పట్టణాల్లో స్థిరపడ్డవారే. 1804లో యుద్ధం మొదలుపెట్టి సొకోటో రాజ్యాన్ని స్థాపించిన ఉస్మాన్ దాన్ ఫోదియో ఫులానీ పండితుడు. పూర్తిగా మందతోనే బతికేది కొద్దిమందే. నైజర్ దేశంలోని వొడాబేలు అలాంటివారు.

కదునా చుట్టూ నవంబరు, డిసెంబరుల్లో జొన్న కోతలు అవుతాయి. కోసిన చేలో మోళ్లు, ఆకు ఉండగానే ఉత్తరం నుంచి మందలు దిగేవి. అక్కడి హౌసా జాతి రైతూ ఫులానీ కాపరీ ముందే మాట్లాడుకునేవారు. మంద ఎన్ని రాత్రులు ఆ చేలో పడుకోవాలి, దానికి రైతు ఏమివ్వాలి అన్నదే బేరం. కొందరు ధాన్యం ఇచ్చేవారు, కొందరు డబ్బు. కొందరైతే మేతా ఎరువూ చెల్లుకు చెల్లు అనుకునేవారు. మీ నాన్నగారి పద్ధతే అది.

ఆడవాళ్ల సంగతి అడిగారు. మా క్వార్టర్ల వెనుక సంతకు వాళ్లు పొద్దున్నే నడిచి వచ్చేవారు. తల మీద పెద్ద ఆనపకాయ బుర్ర, దాని మీద రంగుల గడ్డితో అల్లిన మూత, తీయడానికి పొడవాటి కాడ ఉన్న బుర్ర గరిటె. మూత తీస్తే పుల్లటి పాల మీద తెల్లటి వెన్న ముద్దలు తేలుతుండేవి. ఉడికించి దంచిన సజ్జ ముద్దను అందులో మెదిపి ఇచ్చేవారు. ఎండలో అది తాగితే మజ్జిగ పోసిన చోడి అంబలి తాగినంత హాయిగా ఉండేది. పశువులు మగవాళ్ల పేరు మీద ఉన్నా, పాలు చిలకడం, అమ్మడం ఆడవాళ్ల చేతిలోనే ఉండేది. ఆ డబ్బుతో ఇంటికి గింజలు కొనేవారు. వాళ్లు మాంసం తిని బతుకుతారని అనుకునేవారికి ఇది తెలియదు. పాలిచ్చే ఆవును కోసుకుంటే రేపు ఇంట్లో గింజలు ఉండవు.

వానలు మొదలవగానే మళ్లీ ఉత్తరానికి. ఎందుకో పశువైద్యులు ఎవరైనా నాకంటే బాగా చెబుతారు.

విశ్రాంత పశువైద్యుడు, శ్రీకాకుళం:

కారణం ఈగ. దక్షిణాన తేమ నేలల్లో, వాగుల పక్క పొదల్లో ట్సెట్సీ ఈగ ఉంటుంది. వానాకాలంలో అది మరింత విస్తరిస్తుంది. అది కుడితే పశువు నెత్తురులోకి పరాన్నజీవి చేరుతుంది. పశువు రక్తహీనతతో చిక్కి చిక్కి చనిపోతుంది. మన దగ్గర జోరీగలు వ్యాపింపజేసే సర్రా జబ్బు కూడా అలాంటి పరాన్నజీవి వల్లే వస్తుంది. గినీ వైపు ఉండే ఎన్‌దామా అనే పొట్టి పశువు ఈ జబ్బును తట్టుకుంటుంది. ఫులానీలు ఎక్కువగా పెంచే మూపురం పశువులు తట్టుకోలేవు. కాబట్టి వానాకాలమంతా ఈగ లేని సాహెల్ మైదానాల్లో, అంటే సహారా ఎడారికి దక్షిణపు అంచున, ఉండి తీరాలి.

పైగా ఆ వేళకు దక్షిణాన చేలల్లో పైరు ఉంటుంది. ఉత్తరాన మొలిచే గడ్డి పొట్టిదైనా బలమైనది. నైజర్‌లో ఇన్‌గాల్ దగ్గర ఉప్పు నీళ్లు, ఉప్పు మట్టి దొరుకుతాయి. వానలు తగ్గే సెప్టెంబరులో మందలు అక్కడికి చేరతాయి. వానలు పూర్తిగా వెనకబడ్డాక గుంటలు ఎండుతాయి, దక్షిణానికి దిగక తప్పదు. ఇందులో గమ్యం లేని అడుగు ఒక్కటీ లేదు.

మీరు చూసిన వీడియో బహుశా మాలిలోని దియాఫరాబేది. వానాకాలంలో మందలు దూరపు పచ్చికలకు వెళ్తాయి. అప్పుడు నైజర్ నది పొంగి, సముద్రానికి దూరంగా దేశం లోపల ఉన్న డెల్టా మునుగుతుంది. నీళ్లలోనే బూర్గూ అనే గడ్డి ఏపుగా పెరుగుతుంది. వరద తీసే వేళకు మందలు నది దాటి ఆ గడ్డికి వస్తాయి. దాటే రోజును వరి రైతులు, జాలర్లు, కాపరులు కూర్చుని మాట్లాడుకున్నాకే నిర్ణయిస్తారు. ముందు ఏ మంద, వెనక ఏ మంద అన్న వరస 19వ శతాబ్దంలో అక్కడి ఫులానీ పాలకుడు సేకు అమదు కాలంలో కట్టుదిట్టం చేసినది. మందలు నది దాటే రోజు అక్కడ ఉత్సవమే, దాన్ని యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. కాపరి పనితనాన్ని ఆ రోజు ఊరంతా పశువుల ఒంట్లో చూస్తుంది.

రాజాం రైతు:

రైతు వైపు నుంచి ఒక ప్రశ్న. ఒక్క రాత్రి మంద చేలో పడితే ఏడాది కష్టం పోతుంది. నైజీరియాలో కాపరులు, రైతులు చంపుకుంటున్నారని వార్తల్లో చూస్తున్నాం. అంత మంచి ఒప్పందం ఉంటే ఇదంతా ఎందుకు?

గజపతినగరం వారికి ఇంకో మాట. మా వైపు మొక్కజొన్న ఏప్రిల్‌కల్లా కోసేస్తాం. అప్పటి నుంచి వానలదాకా పొలాలు ఖాళీ. మంద కట్టేవాళ్లు దొరక్క ఎరువు కొంటున్నాం.

నెల్లిమర్ల వాసి:

రాజాం గారూ, ఒప్పందం చెడ్డదని కాదు, అది నిలబడే నేల పోయింది. 1965లో ఉత్తర నైజీరియాలో మందలకు మేత భూములు కేటాయించే చట్టం వచ్చింది. కదునా రాష్ట్రంలోని కచియా అలా కేటాయించినదే. కానీ చాలాచోట్ల హద్దులు పడనే లేదు. మందల బాటల మీద చేలు, ఇళ్లు వచ్చాయి. ఎండాకాలంలో పశువులు తాగే వాగుల ఒడ్డున పంపులు పెట్టి టమాటా, ఉల్లి వేశారు. మంద నీళ్లకు దిగాలంటే పైరు తొక్కక తప్పదు. రైతు పంటా నిజమే, పశువు దాహమూ నిజమే. దానికి తోడు తుపాకులు, పశువుల దొంగలు, సాయుధ ముఠాలు.

2017లో బెన్యూ రాష్ట్రం ఆరుబయట మేపడాన్ని నిషేధించింది. 2018 జనవరిలో అక్కడ దాడుల్లో చనిపోయిన 73 మందిని ఒకేసారి ఖననం చేశారు. 2019 మార్చిలో మాలిలో ఒగోసాగు అనే ఫులానీ ఊరి మీద పడి సుమారు 160 మందిని చంపారు. ఇవి చదివి ఒక జాతి మొత్తాన్ని నేరస్థులుగా చూసేవారంటే నాకు చాలా బాధ. పాల బుర్రతో సంతకు వచ్చే ఆ ఆడవాళ్లకు ఇందులో దేనితోనూ సంబంధం లేదు.

నైజర్ 2010లో చట్టం చేసి, మందతో కదలడం కాపరి హక్కు అని రాసింది. అమలు ఎలా ఉన్నా, కాగితం మీదైనా ఆ మాట ఉండాలి. 

అమ్మా, వొడాబేలలో ఒక ఆచారం ఉంది. కరువులో మంద పోగొట్టుకున్నవాడికి బంధువో స్నేహితుడో ఒక ఆవును ఇస్తాడు. అది రెండు మూడు ఈతలు ఈనేదాకా అతని దగ్గరే ఉంటుంది. ఆవు తిరిగి వెళ్తుంది, దూడలు అతనికి మిగులుతాయి. మంద మళ్లీ మొదలుపెట్టడానికి వాళ్లకు అలాంటి దారి ఉంది. మనకు అది లేదు, అమ్మితే అమ్మినట్టే. తమ్ముడు బేరం కుదుర్చుకునే ముందు రాజాం గారు చెప్పిన ఏప్రిల్ పొలాల సంగతి నాన్నగారితో మాట్లాడండి. రాత్రికి ఎంత అడుగుతారో కనుక్కుని ఇక్కడే రాయండి.