సమస్యాపూరణం: నలుపు లేని చోట వెలుగు లేదు

తిరుపతి నుంచి, సమస్య ఇచ్చినవాడు:

ఈ వారం సమస్య ఇదిగో.

*నలుపు లేని చోట వెలుగు లేదు*

ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే, అంటే 'నలుపు', 'లేని' లాంటి చిన్న తునకలు. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరడమే యతి. న-వె యతి కుదరలేదని కంగారు పడకండి, నలుపులో లు, వెలుగులో లు, రెండో అక్షరాలు కలిపి ప్రాసయతి వేశాను. మిగతా మూడు పాదాలు మీవి.

ఇది ఎక్కడ పుట్టిందో చెప్పాలి. గళ్ళనుడికట్టు, అదే క్రాస్‌వర్డ్, కట్టడం నాకున్న వ్యాపకమని మీకు తెలుసు కదా. మొన్న ఏడుకొండల పేర్లతో 11 గళ్ళ చదరం ఒకటి కట్టి ఒక పత్రికకు పంపాను. అచ్చులో ఒక నల్లగడి తెల్లగా పడింది. శేషాద్రి పక్కన ఆగాల్సిన గోడ పోయింది, మూడు గళ్ళ మాట ఏడు గళ్ళయి కూర్చుంది. ఒకాయన పాపం ఎంతో కష్టపడి 'శేషాద్రిశిఖరము' అని నింపి, నిలువు మాటలు ఒక్కటీ కలవడం లేదని ఫోన్ చేశారు. లెక్క పెట్టి చూడండి, సరిగ్గా ఏడక్షరాలే! ఆయన తప్పేమీ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తెల్లవారేసరికి ఈ పాదం నోటికొచ్చింది.

గళ్ళ గురించే రాయాలని లేదు, ఏ విషయమైనా సరే.

రేణిగుంట అక్క:

*మాట యొకటి యాగి మఱియొక్క మాటకు*
*దారి యిచ్చు నట్టి తావు నదియె*
*గడుల నింపు వాని కడగండ్లు తీర్చంగ*
*నలుపు లేని చోట వెలుగు లేదు*

నల్లగడిని గోడ అన్నావు కదా తమ్ముడూ, నాకు అది గోడలా కాదు, రెండు మాటల మధ్య గుమ్మంలా కనిపించింది.

పుత్తూరు తమ్ముడు:

నాది కంటిపాప. తప్పులుంటే చెప్పండి, నేను పద్యం మొదలుపెట్టి ఆరు నెలలే.

*కంటి మధ్య నున్న కడు నల్ల పాపయే*
*లోక మెల్ల మనకు జూపు చుండు*
*తెలుపు మాత్ర ముండ దీపించునా కన్ను*
*నలుపు లేని చోట వెలుగు లేదు*

సమస్య ఇచ్చినవాడు:

అక్కా, గుమ్మం అన్న మాట నా మనసులో నిలిచిపోయింది. భావానికి వంక పెట్టేది లేదు. రెండో పాదంలో మాత్రం 'తావు నదియె' కుదరదు. తావు + అదియె అంటే ఉత్వసంధి వచ్చి 'తావదియె' అయిపోతుంది, మధ్యలో నకారం రావడానికి వీల్లేదు. సంధి చేస్తే గణం పోతుంది. 'తావు గాదె' అంటే గణమూ నిలుస్తుంది, అడిగినట్టు కూడా ఉంటుంది.

తమ్ముడూ, ఊహ చాలా బాగుంది, మూడో పాదం నాకు మరీ నచ్చింది. తె-దీ యతి కూడా చక్కగా పడింది. రెండో పాదంలోనే యతి తప్పావు, 'లో'కి 'జూ' ఎట్లా కలుస్తుంది? ఇట్లా మార్చి చూడు:

*చూపు నిచ్చి లోక శోభ జూపు*

చూ-శో సరిపోతాయి. పాదం కట్టగానే నాలుగో గణం మొదటి అక్షరం మీద వేలు పెట్టి చదువు, రెండు నెలల్లో అదే అలవాటవుతుంది.

శ్రీకాళహస్తి అన్న:

*ఏడు కొండ లపయి నిరవైన మా సామి*
*మేని ఛాయ నలుపు మేఘ మట్లు*
*చీక టింట మనకు సిరి దీప మాతడే*
*నలుపు లేని చోట వెలుగు లేదు*

వాయులింగం ఊళ్ళో ఉండి కొండమీద సామిని పాడావేమని అడగొద్దు, నలుపు అనగానే ఇంకెవరు గుర్తొస్తారు?

రేణిగుంట అక్క:

'మా సామి' అనడంతోనే పద్యం మన ఊరిదైపోయింది. స్వామి అని ఉంటే ఇంత దగ్గరగా అనిపించేది కాదు.

చిత్తూరు సార్:

నేను సమస్యనే ఎదిరిస్తున్నాను. మొట్టమొదటి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది, కట్టినవాడు ఆర్థర్ విన్. వజ్రం ఆకారంలో ఉంటుంది, లోపల నల్లగళ్ళే లేవు. అయినా జనం నింపారు.

*మొదటి కట్టు నందు ముసురు నల్లని గళ్ళు*
*లేక యున్న నేమి లెక్క కుదిరె*
*ఎవరు పలికి రయ్య యెదురాడుదును నేను*
*నలుపు లేని చోట వెలుగు లేదు*

సమస్య ఇచ్చినవాడు:

సార్, నమస్కారం. సమస్యను ఇంకొకరి నోట పెట్టి కాదనడం అవధానుల పద్ధతి, మీరు దాన్ని భలే పట్టారు. 'ఎవరు పలికిరయ్య' అన్నాక నాలుగో పాదం నన్నే వేలెత్తి చూపిస్తోంది. ఛందస్సులో ఎక్కడా తప్పు లేదు.

వాదనకు మాత్రం ఒప్పుకోను. విన్ గారి వజ్రానికి నడుమ ఖాళీ ఉంది, మాటల్ని ఆపే పని అదే చేసింది. పైగా ఇంగ్లీషు వాళ్ళకు గడికి ఒక్క అక్షరం, ఆర్ అంటే ఆరే, అది ఏ మాటలోనైనా దొరుకుతుంది. మనకు గడిలో గుణింతమూ వత్తూ అన్నీ కలిపి కూర్చోవాలి, అడ్డానికీ నిలువుకీ అదే అక్షరం అచ్చంగా రావాలి. ద్ర ఉన్న చోట ద్రి చెల్లదు. అందుకే తెలుగు చదరంలో నలుపు కాస్త ఎక్కువే పడుతుంది. దాన్ని లోపం అనేవాళ్ళున్నారు, నాకు అది మన లిపి అడిగే చోటు.

ఏడుకొండల చదరమే చూడండి. పేర్లు అక్షరాల్లో లెక్కపెడితే శేషాద్రి, నీలాద్రి మూడేసి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, వేంకటాద్రి నాలుగేసి, నారాయణాద్రి అయిదు. అంటే మూడుకు మూడు, నాలుగుకు నాలుగు, మళ్ళీ నాలుగుకు నాలుగు, జత లేని అయిదు నడుమ. కాగితం తలకిందులు చేసినా నల్లగళ్ళు ఉన్నచోటే ఉండాలన్న నియమానికి ఇంతకన్నా ఏం కావాలి? నారాయణాద్రిని ఆరో వరుసలో నాలుగో గడి నుంచి ఎనిమిదో గడి దాకా పెట్టేశాను. ఆ లెక్క కుదిరిన క్షణం సంతోషం ఇంతా అంతా కాదు.

కష్టం ఆ తర్వాత మొదలైంది. ఏడు పేర్లూ ద్రితోనే ముగుస్తాయి! శేషాద్రిని మొదటి వరుసలో పెడితే కిందికి ద్రితో మొదలయ్యే మాట కావాలి, ద్రిమ్మరి తప్ప ఇంకేం తట్టలేదు. రెండు రోజులు చూసి రెండో వరుసకు దింపాను. ద్రి మీద చం, కింద క, చంద్రిక వచ్చేసింది. శే మీద వి, కింద షం పెడితే విశేషం. నీలాద్రికి ఇంద్రియం దొరికింది. వేంకటాద్రి వేం దగ్గర వేంగి. వృషభాద్రి వృ దగ్గర మాత్రం నివృత్తి కోసం ఒక నల్లగడిని జరిపాను, జరిపితే దాని ఎదురుమూల గడీ జరగాలి, అది జరిగితే అక్కడ రెండు మాటలు విరిగాయి. రబ్బరుతో తుడిచి తుడిచి గ్రాఫ్ కాగితం అక్కడ చిరిగింది. ఆ ఒక్క గడి కుదరడానికే వారం పట్టింది.

సార్, అచ్చులో తెల్లగా పడింది అట్లాంటి గడే. అందుకే నాకంత బాధ.

చిత్తూరు సార్:

ఇప్పుడు అర్థమైంది నాయనా. పద్యం వెనక్కి తీసుకోను గానీ, ఆ చదరం నాకు ఒక ప్రతి పంపు, నల్లగళ్ళన్నీ నల్లగా ఉన్నది.

పుత్తూరు తమ్ముడు:

అన్నా, నీలాద్రికి ఆధారం ఏమిచ్చావు?

సమస్య ఇచ్చినవాడు:

'లానీ తడబడితే అద్రి కలిసి కొండైంది' అని. లానీ తారుమారైతే నీలా, దానికి అద్రి చేరిస్తే కొండ. నీకు ఇంకా మంచిది తోస్తే చెప్పు, మళ్ళీ అచ్చువేస్తామన్నారు, మార్చుకుంటాను.

వచ్చే వారానికి సమస్య, ఇది కూడా ఆటవెలదే:

*తలను తీసివేయ దారి దొరికె*

పుత్తూరు తమ్ముడు:

గోదారి! తల 'గో' తీస్తే దారి! మూడు గళ్ళు!

సమస్య ఇచ్చినవాడు:

పట్టేశావు. ఇంక మూడు పాదాలు కట్టి పంపు తమ్ముడూ, రెండో పాదం యతి చూసుకుని.