రోళ్లపాడులో జింకలు పెరిగితే బట్టమేక ఎందుకు తగ్గింది?

ప్రశ్న (కర్నూలు): బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల శనగ చేలల్లోకి వస్తుండగా, అదే గడ్డిమైదానంలో బట్టమేక ఎందుకు కనుమరుగైందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ముఖ్య కారణం సంతానోత్పత్తి వేగమేనండి. జింక గర్భకాలం సుమారు ఆరు నెలలే. బట్టమేక సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే, అదీ నేలమీద పెడుతుంది కనుక కుక్కలు, నక్కలు, మేసే పశువుల కాళ్లు దాన్ని మిగలనివ్వవు.

మరో జవాబు: బట్టమేక అభయారణ్యపు హద్దుల్లోనే ఉండిపోయే పక్షి కాదు. బీడు భూములు సాగులోకి రావడంతో అది తిరిగే నేల కుంచించుకుపోగా, ఎదుటి చూపు తక్కువైన ఈ బరువైన పక్షికి విద్యుత్ తీగలు ప్రాణాంతకమయ్యాయి. జింకకు మాత్రం ఆ పంటే మేతైంది.

ప్రశ్నించినవారు: తోడేళ్లు జింకలను అదుపు చేయలేవా అండీ?

జవాబు: కొంతవరకే. మేత పుష్కలంగా దొరికినప్పుడు వేటలో పోయినవాటి కంటే పుట్టేవే ఎక్కువ కావచ్చు.