స్మార్ట్ మీటరు వస్తుందట, మరి మా ట్రాన్స్‌ఫార్మరు సంగతి?

పిండిమర:

నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. చిన్న పిండిమర నడుపుతున్నాం. పిండికి 10 హెచ్‌పీ మోటారు, కారానికి 5 హెచ్‌పీ ఇంకొకటి. మర మా వారు చూసుకుంటారు, లెక్కలు నేను రాస్తాను.

ఈ వేసవిలో మా వీధి ట్రాన్స్‌ఫార్మరు రెండుసార్లు కాలిపోయింది. రెండోసారి ఇంకొకటి తెచ్చి పెట్టేసరికి నాలుగు రోజులు పట్టింది. ఊరంతా ఏడాదికి సరిపడా కారం ఆడించుకునే రోజులవి. ఎండి గలగలలాడుతున్న మిరపకాయల మూటలు వరండాలో వరుసగా పెట్టి, చీటీల మీద పేర్లు రాసి అంటించి కూర్చున్నాం. మూడో రోజు ఒక్కొక్కరే వచ్చి మూట భుజాన వేసుకుని పక్క ఊరికి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టలేను. మబ్బు పట్టిందంటే కాయ మెత్తబడుతుంది.

పోయిన వారం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, రీడింగు దానంతటదే ఆఫీసుకు పంపే స్మార్ట్ మీటరు బిగిస్తామన్నారు. మా మామగారు వీల్లేదని పంపేశారు. దేశమంతా కరెంటు వ్యవస్థను స్మార్ట్ గ్రిడ్‌గా మారుస్తున్నారని పేపర్లో చదివాను. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే. మా గోడ మీద మీటరు మారితే మా ట్రాన్స్‌ఫార్మరు కాలకుండా ఉంటుందా? ఉండకపోతే ఇదంతా ఎవరి కోసం? తెలిసినవాళ్ళు విడమరచి చెప్పండి.

తూర్పుగాలి:

మీ మామగారు చేసిందే సరైన పని అక్కా. మా అన్నయ్య కిరాణా దుకాణానికి ఆ మీటరు పెట్టిన మొదటి నెలే బిల్లు పెరిగింది. వెళ్ళి అడిగితే, పాత మీటరు ఇన్నాళ్ళూ తక్కువ తిరిగిందన్నారు. తక్కువ తిరిగిందని ఎవరు తేల్చారు? పైగా రేపు ముందే డబ్బు కట్టి వాడుకోమంటారు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇంట్లో డబ్బు అయిపోయిన రాత్రి ఫ్యాను ఆగిపోతే పసిపిల్లలు ఏమైపోవాలి? ఇది తేలేదాకా ఎవరూ ఒప్పుకోకూడదని నా మాట.

33కేవీ:

అమ్మా, నేను సబ్ ఇంజనీరుగా చేరి, 34 ఏళ్ళు పంపిణీ విభాగంలోనే పనిచేసి, 2021లో అసిస్టెంట్ ఇంజనీరుగా రిటైరయ్యాను. మీరు అడిగిన ప్రశ్న నేను ఉద్యోగంలో ఉండగా పై అధికారులను అడగవలసిన ప్రశ్న. కాస్త ఓపికగా చదవండి.

గోడ మీది మీటరు ఒక్కటే మారితే మీ ట్రాన్స్‌ఫార్మరుకు ఒరిగేదేమీ లేదు. ట్రాన్స్‌ఫార్మరుకు కూడా మీటరు పెట్టి, ఆ లెక్కను ఎవరో ఒకరు రోజూ చూస్తేనే మేలు.

అది ఎందుకు కాలిపోతుందో చెబుతాను. మీ వీధిలోది 100 కేవీఏ (అది మోయగల లోడుకు కొలత) అనుకుందాం. దాని నుంచి వచ్చే మూడు కరెంటు తీగల్లో ఒక్కోదాన్ని ఫేజు అంటారు. ఒక్కో ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు మోయగలదు. మూడూ కలిపి 400 దాకా. ఇప్పుడు ఒక ఫేజు మీద 170, మిగిలిన రెంటి మీద 80 చొప్పున పడిందనుకోండి. మొత్తం 330. కాగితం మీద అంతా బాగానే ఉంది, ఇంకా 70 మిగిలినట్లే కనిపిస్తుంది. లోపల మాత్రం ఆ ఫేజు తీగ చుట్ట రాత్రంతా వేగిపోతూ ఉంటుంది. నూనె మట్టం తగ్గి ఉంటే ఇంకా త్వరగా పోతుంది. ఆ పైన ట్రాన్స్‌ఫార్మరుకు 11 కేవీ వైపు ఉండే హెచ్‌జీ ఫ్యూజు ఊరికే పోతోందని ఎవరో మందపాటి తీగ చుట్టి ఉంటే, అడ్డుకునేది కూడా ఏమీ ఉండదు.

మేము ఏం చేసేవాళ్ళమో తెలుసా? తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు పట్టుకుని పగలు పన్నెండింటికి వెళ్ళి కొలిచేవాళ్ళం. డ్యూటీ వేళ అది. ఇళ్ళల్లో ఏసీలు వేసేది రాత్రి పదింటికి. పగటి లెక్క రాసుకుని, లోడు సరిపోతుంది అని సంతకం పెట్టి వచ్చేవాళ్ళం. అలా సంతకం పెట్టిన రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఆ వేసవిలోనే కాలిపోవడం నా కళ్ళతో చూశాను. ట్రాన్స్‌ఫార్మరు మీటరు ఉంటే ఏ ఫేజు ఏ గంటకు ఎంత మోస్తోందో ఆఫీసులో కనిపిస్తుంది. నాలుగు సర్వీసులను, అంటే ఇళ్ళ కనెక్షన్లను, బరువెక్కిన ఫేజు నుంచి తేలికగా ఉన్న ఫేజుకు మార్చితే చాలు. లైన్‌మన్‌కు అది పూట పని.

ఇక స్మార్ట్ గ్రిడ్ అంటే నాకు అర్థమైనంతలో, వ్యవస్థకు చూపు రావడం. మన దేశంలో ఆ చూపు పై భాగానికి చాలావరకు వచ్చింది. 2012 జులై 30న ఉత్తరాది గ్రిడ్ (రాష్ట్రాలను కలిపే పెద్ద లైన్ల వల) కూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కూలి 60 కోట్లకు పైగా జనం చీకట్లో ఉన్నారు. అప్పటికి దక్షిణాది వాటితో నేరుగా ముడిపడి లేదు. విశాఖ గాజువాకలో ఉన్నలాంటి, కరెంటును డీసీగా మార్చి అవతలికి పంపే కేంద్రాల ద్వారానే కరెంటు అటూ ఇటూ వెళ్ళేది. అందువల్ల మనకు ఆ దెబ్బ తగలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ కలిశాం. ఇప్పుడు కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా ఒకటే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క అంతటా ఒకటే. ఆ తరువాత పెద్ద లైన్ల స్థితిని సెకనుకు ఎన్నోసార్లు కొలిచి పంపే పరికరాలు దేశమంతటా పెట్టారు.

2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పమన్నారు, గుర్తుందా? 132 కేవీ సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న నా మిత్రుడు ఫోనులో ఫ్రీక్వెన్సీ అంకెలు చదువుతుంటే నేను మా డాబా మీద నిలబడి విన్నాను. కొద్ది నిమిషాల్లోనే దేశం మొత్తం మీద దాదాపు 31,000 మెగావాట్ల వాడకం పడిపోయింది. జలవిద్యుత్ కేంద్రాలు అంతే వేగంగా తగ్గి, మళ్ళీ అంతే వేగంగా పెరిగాయి. గ్రిడ్ నిలబడింది. ఆ రాత్రి నాకు కన్నీళ్ళు వచ్చాయి. పైన ఉన్నవాళ్ళు దేశాన్నంతా అరచేతిలో పెట్టుకుని చూడగలిగారు.

అదే నెలలో ఒక రాత్రి గాలివాన. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు వెళ్ళే మా 11 కేవీ లైను, అంటే ఫీడరు, ట్రిప్పై ఆగిపోయింది. ఎక్కడ పోయిందో ఎవరికి తెలుసు? ఆ ఫీడరు పొడవు 18 కిలోమీటర్లు. లైనును సగంలో విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, ఇవతలి సగానికి కరెంటు ఎక్కించి చూడమన్నాం. నిలబడింది. అంటే లోపం అవతలి సగంలో ఉంది. అక్కడి నుంచి ఒక్కో స్తంభం కిందా నిలబడి టార్చి వేసి, తల పైకెత్తి చూసుకుంటూ నడిచాం. చెరువు గట్టు దిగాక, మామిడి తోట వెనక స్తంభం మీద, తీగ స్తంభానికి తగలకుండా మోసే పిన్ ఇన్సులేటరుకు వెంట్రుకంత పగులు. వాన నీరు దిగినప్పుడల్లా చిటచిటమంటోంది. అది దొరికేసరికి తెల్లవారుజాము మూడున్నర. మార్చడానికి పట్టింది ఇరవై నిమిషాలు.

అరచేతిలో దేశం ఉన్నా, 33 కేవీ సబ్‌స్టేషన్ దాటాక మాకు టార్చిలైటే గతి. పట్టణాల్లో కొంత మారింది. నాలుగు లక్షల జనాభా దాటిన ఊళ్ళకు ఏనాడో స్కాడా (లైన్లను ఆఫీసు నుంచే కంప్యూటరులో చూసి నడిపే ఏర్పాటు) వచ్చింది. పల్లె ఫీడర్లకు కావలసినవి పెద్ద వింతలేమీ కావు. లోపం కరెంటు ఏ స్తంభం దాకా పారిందో చూపే సూచికలు, దూరం నుంచి తెరిచి మూయగల స్విచ్‌లు, ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకూ ఒక మీటరు. 2021లో కేంద్రం 3,03,758 కోట్ల రూపాయల అంచనాతో పంపిణీ సంస్కరణల పథకం ప్రకటించింది. 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల మాట అందరికీ చేరింది. అదే పథకంలో ఫీడర్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లు పెట్టాలని ఉంది. ఆ మాట జనానికి చేరలేదు. నన్ను అడిగితే ముందు ఫీడరుకు, తరువాత ట్రాన్స్‌ఫార్మరుకు, చివరన ఇంటికి పెట్టాలి. చాలాచోట్ల పని తలకిందులుగా మొదలైంది. జనం అనుమానపడ్డారంటే తప్పు జనానిది కాదు.

తూర్పుగాలి గారి బాధ నాకు తెలుసు. మీ అన్నయ్యగారిని ఊరుకోవద్దనండి. రీడింగు మీద అనుమానం ఉందని ఫిర్యాదు రాసిస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు సరిచూడాలని 2024 ఫిబ్రవరిలో వచ్చిన వినియోగదారుల హక్కుల సవరణ చెబుతోంది. నోటితో అడిగితే లాభం లేదు. రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి.

పిండిమర:

చాలా కృతజ్ఞతలు సార్. మా మామగారికి గట్టిగా చదివి వినిపించాను. ఇన్సులేటరు దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. ఇంకొక్క సందేహం. స్మార్ట్ మీటరు పెడితే మరకు బిల్లు పెరుగుతుందా, తగ్గుతుందా?

33కేవీ:

రెండూ జరగవచ్చు, అది మీ చేతిలోనే ఉంది. ముందు బిల్లు తీసి యూనిట్ల దగ్గర కేవీఏహెచ్ అని ఉందేమో చూడండి. ఉంటే మోటారు చేసే పనికే కాక, తిరగడానికి అయస్కాంతం కోసం లాక్కునే కరెంటుకు కూడా డబ్బు కడుతున్నారు. దాన్ని పక్కనే ఉండి సమకూర్చేది కెపాసిటరు. మీ పెద్ద మోటారుకు 3, 4 కేవీఏఆర్ (కెపాసిటరు సామర్థ్యానికి కొలత)ది ఉండాలి. మరల్లో అది ఏ కాలంలోనో పోయి, డబ్బా మాత్రం గోడకు వేలాడుతూ ఉంటుంది. మంచి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

రెండోది వేళ. 2023లో మార్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో రేటు మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తక్కువగా ఉండాలి, రద్దీ గంటల్లో ఎక్కువ. ఏ కేటగిరీకి ఎప్పటి నుంచన్నది మన రాష్ట్ర నియంత్రణ మండలి ఉత్తర్వుల్లో చూసుకోవాలి. మర నడిచేది ఎలాగూ పగలే కదా. అది అమలైతే లాభపడేవాళ్ళలో మీరూ ఉంటారు.

సాగరతీరం:

నేను విశాఖలో ఉంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో ఒక్క స్తంభం కూడా నిలువుగా లేదు. తరువాత ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్ళు వేశారు. ఇప్పుడు ఈదురుగాలి వీస్తే మునుపటిలా గుండె దడదడలాడదు.

నాది వేరే సమస్య. ఇళ్ళ మీద సోలారుకు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించుకున్నాం, 78,000 రూపాయల రాయితీ వచ్చింది. కరెంటు పోతే ఎర్రటి ఎండలో కూడా సోలారు ఆగిపోతోంది. కరెంటు ఉన్న రోజుల్లోనూ మిట్టమధ్యాహ్నం అప్పుడప్పుడు ఇన్వర్టరు దానంతటదే ఆగి, కాసేపటికి మళ్ళీ మొదలవుతోంది. ప్యానెళ్ళలో లోపమా?

33కేవీ:

ప్యానెళ్ళలో లోపం ఉండకపోవచ్చు. రెండోదానికి ముందు జవాబు చెబుతాను. మీ వీధిలో చాలామంది ప్యానెళ్ళు పెట్టి ఉంటే, మధ్యాహ్నం వాడకం తక్కువై అందరి కరెంటూ లైనులోకి వస్తుంది. అప్పుడు వోల్టేజి పెరుగుతుంది. 230కి పది శాతం పైన, అంటే 253 దాటితే ఇన్వర్టరు తప్పుకోవాలి. ఆగిన సమయంలో దాని తెర మీది వోల్టేజి రాసుకోండి. వారం రోజుల లెక్క ఇస్తే ట్రాన్స్‌ఫార్మరు ట్యాప్ (వోల్టేజిని సర్దే మీట) ఒక మెట్టు మార్చి చూస్తారు. మన లైన్లన్నీ కరెంటు పైనుంచి కిందికే పారుతుందనుకుని వేసినవి. ఇప్పుడు కింది నుంచి పైకి కూడా పారుతోంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మీటరు కావాలనడానికి ఇదీ ఒక కారణమే.

మొదటిది మాత్రం దయచేసి లోపం అనుకోకండి. నా దగ్గర పనిచేసిన లైన్‌మన్ ఒకడు లైన్ క్లియర్ (లైను ఆపి పనిచేయడానికి అనుమతి) తీసుకుని, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తెరిపించి స్తంభం ఎక్కాడు. అవతలి వీధిలో ఒక దుకాణం వాళ్ళు జనరేటరు వేశారు. జనరేటరును లైను నుంచి విడదీసే మార్పిడి స్విచ్ మధ్యలో లేదు. ఆ కరెంటు ఇళ్ళకు వెళ్ళే ఎల్‌టీ తీగ మీదుగా ట్రాన్స్‌ఫార్మరులోకి వెళ్ళి, వెనక్కి 11 వేల వోల్టులై పైకి వచ్చింది. పని మొదలుపెట్టే ముందు తీగలను నేలకు కలపవలసిన ఎర్త్ రాడ్ జీపులోనే ఉండిపోయింది. నేను వెళ్ళేసరికి అతని చెప్పులు స్తంభం మొదట్లో పక్కపక్కనే విడిచి ఉన్నాయి. పెళ్ళై ఏడాది కాలేదు. మీ ఇన్వర్టరు ఆగిపోయేది ఆ స్తంభం మీద ఉన్నవాడి కోసం. కరెంటు లేనప్పుడూ ఇంట్లో సోలారు కావాలంటే బ్యాటరీతో, లైను నుంచి పూర్తిగా విడదీసే ఏర్పాటుతో పెట్టించుకోవచ్చు. ఇన్వర్టరును ఏమార్చే పని మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి.

సాగరతీరం:

చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను సార్. వోల్టేజి లెక్క ఈ రోజు నుంచే రాస్తాను.

పిండిమర:

ఎలక్ట్రీషియన్ వచ్చాడు సార్. కెపాసిటరు పొట్ట ఉబ్బి, అడుగున నూనె కారి ఉంది. ఎప్పుడు పోయిందో మాకే తెలియదు. కొత్తది పెట్టించాం. మా ట్రాన్స్‌ఫార్మరుకు మీటరు పెట్టాలని, లోడు రాత్రి పది గంటలకు వచ్చి కొలవాలని అర్జీ రాశాను. వీధిలో 41 సంతకాలయ్యాయి, మొదటిది మా మామగారిది. ఇంకేమైనా చేర్చాలా?

33కేవీ:

మూడు ఫేజులకూ విడివిడిగా కొలవాలని చేర్చండి అమ్మా. ట్రాన్స్‌ఫార్మరు మీద పెయింటుతో నంబరు రాసి ఉంటుంది, అదీ రాయండి. నూనె మట్టం, ఎర్తింగు కూడా అదే రోజు చూడమనండి. ఎర్తింగు పాతిన గుంట ఎండిపోయి ఉంటే లైన్‌మన్‌తోనే నీళ్ళు పోయించండి.  కంచె లోపలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు.