ఢిల్లీలో టూరిస్ట్ ఆఫీసుకి వెళ్తే ఉపయోగం ఉందా? వెళ్లినవాళ్లు చెప్పండి

ఓరుగల్లు_పిల్ల:
నవంబరులో అమ్మానాన్నల్ని, మా అత్తమ్మని తీసుకుని ఢిల్లీ, ఆగ్రా వెళ్తున్నాం. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూఢిల్లీలో దిగుతాం. మొత్తం ఐదు రోజులు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. అత్తమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. వెళ్లగానే టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ ఆఫీసుకి పోయి అడుగుదాం అంటే, "అన్నీ ఫోన్‌లోనే ఉంటే అక్కడికి పోయి ఏం అడుగుతావ్" అంటున్నారు మావారు. నిజంగా దండగేనా?

బెజవాడ_బాబాయ్:
అమ్మా, ఆఫీసుకి వెళ్లడం దండగ కాదు. కానీ నువ్వు వెళ్లేది ఆఫీసేనా అన్నది ముందు చూసుకో.

మాకు ఏం జరిగిందో చెప్తా. పదేళ్ల కిందట మా బావమరిది కుటుంబం అమెరికా నుంచి వస్తే అందరం కలిసి ఢిల్లీ వెళ్లాం. స్టేషన్ బయట మెడలో కార్డు వేలాడేసుకున్న ఒకతను ఎదురొచ్చాడు. "ఊరేగింపు ఉంది, మీ హోటల్ వైపు రోడ్లు మూసేశారు, టూరిస్ట్ ఆఫీసులో కనుక్కోండి" అని తనే ఆటో మాట్లాడిపెట్టాడు. ఆటో కన్నాట్‌ప్లేస్ దగ్గర ఒక చోట ఆగింది. బోర్డు మీద పెద్ద భారతదేశం మ్యాప్, కింద 'టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ సెంటర్'. లోపల ఎర్ర సోఫా, ఏసీ, టీ. హోటల్‌కి వాళ్ల ఫోన్‌లోంచే చేసిచ్చారు. అవతలి మనిషి "బుకింగ్ లేదండీ" అన్నాడు. ఆ మాట్లాడింది హోటల్‌వాడు కాదని మాకు రెండు రోజుల తర్వాత గానీ వెలగలేదు. ఈలోపు వేరే హోటలు, కారు, మేం అనుకోని జైపూరు ట్రిప్పు అన్నీ అంటగట్టారు. పద్దెనిమిది వేలు ఎక్కువ పోయింది. బావమరిది ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు, "బావ ఉన్నాడు కదా అని ధైర్యంగా వచ్చాం" అని.

రైలుపిచ్చి:
బాబాయ్ గారికి జరిగింది ఢిల్లీలో చాలా పాత నాటకం. కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల ఆఫీసు 88, జన్‌పథ్. ఆ నంబరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అదే చుట్టుపక్కల 'టూరిస్ట్ ఇన్ఫర్మేషన్' అని బోర్డు పెట్టుకున్న ట్రావెల్ షాపులు బోలెడు. 'గవర్నమెంట్ అప్రూవ్డ్' అని రాసి ఉన్నంత మాత్రాన అది గవర్నమెంటు ఆఫీసు కాదు. ఢిల్లీ టూరిజం వాళ్ల ఆఫీసు వేరే ఉంది, బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో, కాఫీ హోమ్ దగ్గర. హనుమాన్ మందిర్ ఉన్న రోడ్డే.

న్యూఢిల్లీ స్టేషన్‌లో పహాడ్‌గంజ్ వైపు మొదటి అంతస్తులో ఇంటర్నేషనల్ టూరిస్ట్ బ్యూరో ఉంటుంది. అది విదేశీయుల, ఎన్నారైల రైలు టికెట్ల కోసం. మీకు దాంతో పని లేదు. మీ చుట్టాలెవరైనా ఫారిన్ పాస్‌పోర్టుతో వస్తే మాత్రం చెప్పి ఉంచండి: మెట్ల దగ్గరే నిలబడి "ఆఫీసు కాలిపోయింది, వేరేచోటికి మార్చారు" అనేవాళ్లు ఉంటారు. వినకుండా మెట్లెక్కేయాలి.

ఏదైనా అనుమానం వస్తే 1363కి చేయండి. పర్యాటక శాఖ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. హిందీ, ఇంగ్లీషుతో పాటు పది విదేశీ భాషల్లో మాట్లాడతారు. తెలుగు లేదు, అదో బాధ.

అన్నట్టు, శుక్రవారం ఆగ్రా పెట్టుకోకండి. తాజ్ మూసి ఉంటుంది, అందుకే ఢిల్లీ నుంచి ఆగ్రా వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ రైలు కూడా ఆ రోజు నడవదు. మీ తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతుంది కాబట్టి ఆగ్రాని చివరి రోజుకి పెట్టుకుని, సాయంత్రం అక్కడే తిరుగు రైలు ఎక్కేయొచ్చు. వెనక్కి ఢిల్లీ రానవసరం లేదు.

గోదారి_గట్టు:
నేను నాలుగు ఊళ్లలో టూరిస్ట్ ఆఫీసులకి వెళ్లా. ఒకచోట లంచ్ టైమ్. ఒకచోట మ్యాపులు అయిపోయాయి. మూడోచోట ఆయన తల ఎత్తకుండా "వెబ్‌సైట్ చూస్కోండి" అన్నాడు. నాలుగోది ఇంకా వెతుకుతూనే ఉన్నా. ఓరుగల్లు అక్కా, మీవారి మాటే రైటు.

కాకినాడ_కాజా:
గట్టు గారూ, అటువైపు కూర్చున్నవాళ్ల బాధ కూడా కాస్త వినండి. నేను రెండేళ్లు వైజాగ్‌లో ఒక టూరిజం కౌంటర్‌లో కాంట్రాక్టు మీద పనిచేశా. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగేది బాత్రూమ్ ఎక్కడ, క్లోక్‌రూమ్ ఎక్కడ. ఆ తర్వాత "ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయి?" దానికి నేనేం చెప్పను? కైలాసగిరి, ఆర్కే బీచ్, సింహాచలం అని పాఠం అప్పజెప్తా. అది ఫోన్ కూడా చెప్తుంది.

అదే ఒకసారి ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, రేపు సోమవారం ఇక్కడే ఉంటాం, ఎల్లుండి అరకు. నాకు రైలంటే ఇష్టం, మా ఆయనకి ఎక్కువసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది, ఏం చెయ్యమంటావ్" అంది. అప్పుడు మన బుర్రకి పని. సోమవారం కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం సెలవు కాబట్టి దాన్ని ఈ రోజే చూసేయమన్నా. అరకుకి వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు ఉండే టూరిజం ప్యాకేజీ చెప్పా. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, అయ్యగారిని పైనే కూర్చోబెట్టమన్నా. తిరిగి వచ్చాక కౌంటర్‌కి వచ్చి అరకు కాఫీ పొడి పొట్లం ఇచ్చి వెళ్లింది. రెండేళ్లలో నాకొచ్చిన లంచం అదొక్కటే.

రోజు, టైము, ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, ఈ మూడూ చెప్పి అడగండి. బద్ధకస్తుడు కూడా కదులుతాడు.

మ్యూనిక్_మురుకులు:
కాజా గారి మాట ఇక్కడా నిజమే. పోయిన వేసవిలో అమ్మానాన్నలు వస్తే జర్మనీలో మేముండే మ్యూనిక్ నుంచి పక్కనే ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్ తీసుకెళ్లా. అక్కడ మోజార్ట్ ప్లాట్జ్ అనే కూడలిలో టూరిస్ట్ ఇన్ఫో ఉంటుంది. సాల్జ్‌బర్గ్ కార్డు కొందామని వెళ్లా. కోట, పైకి వెళ్లే కేబుల్ రైలు, సంగీతకారుడు మోజార్ట్ పుట్టిన ఇల్లు, సిటీ బస్సులు అన్నీ అందులోనే వస్తాయి. కౌంటర్‌లో ఆమె "ఎన్ని చోట్లకి వెళ్తారు, ఎన్ని గంటలు ఉంటారు" అని అడిగి, "మీకు కార్డు నష్టం, కోట టికెట్ ఒక్కటే కొనుక్కోండి" అంది. అమ్మే మనిషే వద్దంటుంటే నాన్న నమ్మలేదు. బయటికొచ్చి ఫోన్ తీసి మళ్లీ లెక్క వేశారు.

తోటకూర_పప్పు:
కాశీలో మనవాళ్లకి ఆంధ్రాశ్రమమే టూరిస్ట్ ఆఫీసు. పడవకి ఎంతివ్వాలి, గుడికి ఏ టైముకి వెళ్తే క్యూ తక్కువ, అన్నీ భోజనాల బల్ల దగ్గరే తేలిపోతాయి, అదీ తెలుగులో. ఢిల్లీలో అలాంటిది కావాలంటే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. బయటివాళ్లు ఎవరైనా తినొచ్చు. మీ అత్తమ్మగారికి పప్పు, గోంగూర కనపడితే ప్రాణం లేచొస్తుంది.

ఓరుగల్లు_పిల్ల:
వెళ్లొచ్చాం! అడిగి వదిలేస్తే బాగోదు కాబట్టి రాస్తున్నా.

రెండో రోజు పొద్దున 88 జన్‌పథ్ అని ఆటో మాట్లాడుకున్నాం. అతను వేరే చోట ఆపి "యహీ హై" అన్నాడు. బోర్డు చూస్తే అచ్చం గవర్నమెంటుదే అనిపించింది. "88 ఎక్కడ రాసుంది?" అని అడిగా. నసిగాడు. దిగి నడుచుకుంటూ పోయాం. అసలు మెట్రోలో వెళ్లి జన్‌పథ్ స్టేషన్‌లో దిగి ఉంటే సరిపోయేదని తర్వాత తెలిసింది.

అసలు ఆఫీసు చూస్తే మావారికి నవ్వొచ్చింది, మా మండలాఫీసులా ఉంది. టీ లేదు, సోఫా లేదు. కానీ అక్కడున్న పెద్దాయనకి కాజా గారు చెప్పినట్టే రోజు, టైము, నాన్న మోకాళ్లు అన్నీ చెప్పా. ఆయన పెన్ను తీసి మ్యాప్ మీద గీసిచ్చారు. ఎర్రకోట సోమవారం సెలవు, ఆదివారమే చూసేయండి. తాజ్‌కి తూర్పు గేటు నుంచి వెళ్లండి, మీ బండి దగ్గరిదాకా రానివ్వరు, శిల్పగ్రామ్ నుంచి బ్యాటరీ బండి ఎక్కండి. వీల్‌చైర్ ఉంటుంది, అడగండి. ఇవన్నీ వెతికితే దొరికేవే అనుకోండి.

కానీ ఒకటి మాత్రం నాకు తట్టేది కాదు. తాజ్ లోపల సమాధి దాకా వెళ్లాలంటే మామూలు యాభై రూపాయల టికెట్ మీద ఇంకో రెండు వందలు కట్టాలి. ఆయన నాన్నని ఒకసారి చూసి, "పైకి మెట్లున్నాయి, వీరికి రెండు వందల టికెట్ ఎందుకు, తోటలో కూర్చోబెట్టండి, తాజ్ అక్కణ్ణుంచే బాగుంటుంది" అన్నారు. అలాగే చేశాం. మేం పైకెళ్లి దిగొచ్చేసరికి గంట పట్టింది. నాన్న బెంచీ మీద కూర్చుని పక్కనున్న గుజరాతీ ఆయనతో చేతి సైగలతోనే మనవళ్ల లెక్కలు మాట్లాడుతున్నారు. చెమట పట్టి వచ్చిన మమ్మల్ని చూసి "లోపల ఏముంది?" అన్నారు. చీకటి, తోపులాట అని చెప్పా. సంతోషపడ్డారు.

ఆంధ్రా భవన్‌లో రెండుసార్లు తిన్నాం. గోంగూర దొరికింది.

బెజవాడ_బాబాయ్:
బాగుందమ్మా. ఆటో అతను ఆపిన చోట బోర్డు మీద పెద్ద భారతదేశం మ్యాప్ ఉందా? లోపల ఎర్ర సోఫా?

ఓరుగల్లు_పిల్ల:
మ్యాప్ ఉంది బాబాయ్ గారూ. సోఫా దాకా పోలేదు.